పిల్లల క్లినిక్‌లో డిజిటల్ పేరెంటింగ్ కార్యక్రమం: మొదలుపెట్టడం, నిలబెట్టడం

పరీక్ష అయిపోయింది, మందుల చీటీ చేతికొచ్చింది. బిడ్డను ఎత్తుకుని తలుపు దాకా వెళ్లిన తల్లి అక్కడ ఆగి వెనక్కి తిరుగుతుంది: “డాక్టర్ గారూ, ఇంకొక్క మాటండీ. వీడు అసలు చెప్పిన మాట వినడం లేదు. ఏం చేయమంటారు?” మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను చూసే వైద్యులందరికీ తలుపు దగ్గరి ఈ ప్రశ్న పరిచయమే. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉంటారు కనుక, “ఈ వయసులో అంతేనమ్మా, పెద్దయితే సర్దుకుంటుంది” అన్న సమాధానమే ఎక్కువసార్లు దొరుకుతుంది. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమవుతుంది కూడా. నిజం కాని పిల్లల విషయంలో మాత్రం, ఏ వయసులో సాయం తేలికగా పనిచేస్తుందో ఆ వయసే చేజారిపోతుంది.

ఆ ప్రశ్నకు క్లినిక్ దగ్గర అంతకంటే మంచి జవాబు ఉండేలా చేయడానికి డిజిటల్ పేరెంటింగ్ కార్యక్రమాలు ఉపయోగపడతాయి. తల్లిదండ్రులు తమ ఫోన్‌లోనే వారానికో పాఠం చూసి, ఇంట్లో సాధన చేసి, క్లినిక్ మనిషితో ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు ఇది. అలాంటి కార్యక్రమాన్ని తమ దగ్గర మొదలుపెట్టాలనుకునే పిల్లల వైద్యులు, నర్సులు, కౌన్సెలర్ల కోసం ఈ మార్గదర్శి. నాలుగు మంచి వీడియోలు సేకరించి లింకులు పంపినంత మాత్రాన కార్యక్రమం అయిపోదు. ఇంట్లో సాధన జరగాలి, ఆ సాధన ఎలా సాగిందని అడిగే మనిషి ఉండాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ రెండింటిని కాపాడుకోవడానికే.

1. ఎవరి కోసమో తేల్చుకోండి

యాప్ వెతకడానికి ముందు, ఏ కుటుంబాల కోసం ఈ పని తలపెట్టారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ వయసు పిల్లలున్న ప్రతి కుటుంబానికీ ఇవ్వవచ్చు, లేదా ప్రశ్నావళితో ఇబ్బంది ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి వారికే ఇవ్వవచ్చు. ఫిన్లాండ్‌లో రెండో పద్ధతిని అనుసరించారు. 2016లో ఫలితాలు వెలువడిన ఆ పరిశోధనలో, నాలుగేళ్ల పిల్లలు మామూలు ఆరోగ్య పరీక్షకు వచ్చినప్పుడే తల్లిదండ్రుల చేత ప్రశ్నావళి నింపించి, ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్న 464 కుటుంబాలను తీసుకుని, వారిలో సగం మందికి 11 వారాల ఇంటర్నెట్ పాఠాలతో పాటు వారం వారం ఫోన్‌లో శిక్షణ ఇచ్చారు. ఏడాది గడిచాక చూసినా ఆ పిల్లల ప్రవర్తనలో రెండో బృందం కంటే మెరుగుదల కనిపించింది. ఆ తల్లిదండ్రులు సాయం కోసం తిరుగుతూ వచ్చినవారు కారు. మామూలు పరీక్షకు వచ్చిన చోటే సాయం వారికి ఎదురైంది. పిల్లల క్లినిక్‌కు ఉన్న అసలు బలం ఇదే.

గుర్తించడానికి వాడే ప్రశ్నావళుల్లో రెండు బాగా ప్రచారంలో ఉన్నాయి. 25 ప్రశ్నలున్న ఎస్‌డీక్యూ (పిల్లల బలాలు, ఇబ్బందుల ప్రశ్నావళి) అనేక భాషల్లో దొరుకుతుంది, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు దానిలో ప్రత్యేక రూపం ఉంది; అయితే అనుమతి లేకుండా దాన్ని ఎలక్ట్రానిక్ ఫారంగా మార్చుకోవడానికి వీలు లేదన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఐబర్గ్ ప్రశ్నావళిలో 36 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందో 1 నుంచి 7 వరకు అంకె వేయడంతో పాటు, అది మీకు సమస్యగా ఉందా లేదా అని కూడా విడిగా అడుగుతారు. ఈ రెండో ప్రశ్న ఎంతో విలువైనది. బిడ్డ అల్లరి మామూలుగానే ఉండి తల్లి పూర్తిగా అలసిపోయిన ఇల్లు ఒకటి, బిడ్డ రోజూ తోటి పిల్లలను కొడుతున్నా ఎవరూ పట్టించుకోని ఇల్లు మరొకటి. ఈ రెండిళ్లకూ ఒకే సాయం సరిపోదు.

ఈ కార్యక్రమంతోనే సరిపెట్టకూడని పిల్లలు ఎవరో కూడా అదే కాగితం మీద రాయాలి. మాటలు ఆలస్యమైనవారు, వచ్చిన మాటలు పోగొట్టుకున్నవారు, పేరు పెట్టి పిలిచినా పలకనివారు, వినికిడిపై అనుమానం ఉన్నవారు, తమను తాము గాయపరచుకునేవారు ముందు పూర్తి పరీక్షకు వెళ్లాలి. సరిగ్గా వినబడని పిల్లవాడికి “మాట వినడం” నేర్పే పాఠాలు పంపడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. ఇంట్లో హింస జరుగుతున్నదని తెలిసిన కుటుంబాలకూ ఫోన్ పాఠం మొదటి సాయం కాకూడదు.

2. సొంతంగా తయారుచేయాలా, ఉన్నది తీసుకోవాలా

ఉన్నది తీసుకోండి. సొంత వీడియోలు తీయాలన్న ఉత్సాహం ప్రతి బృందానికీ మొదట్లో ఉంటుంది, కానీ ఈ రంగంలో అరవై ఏళ్ల పని మన ముందు సిద్ధంగా ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరికొకరు ఎలా స్పందిస్తున్నారో క్షణక్షణం నమోదు చేసింది. తల్లి ఒక పని చెబుతుంది, బిడ్డ పేచీ పెడతాడు, తల్లి గొంతు పెంచుతుంది, బిడ్డ ఇంకా గట్టిగా ఏడుస్తాడు, చివరికి తల్లి విసిగి “పోనీలే” అంటుంది. ఏడిస్తే పని తప్పుతుందని బిడ్డ నేర్చుకుంటాడు, వదిలేస్తే ఏడుపు ఆగుతుందని తల్లి నేర్చుకుంటుంది. తెలియకుండానే ఇద్దరూ ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్న ఈ చక్రాన్ని తెంచడమే తర్వాత వచ్చిన కార్యక్రమాలు చాలావాటి పని. ఆస్ట్రేలియాలో మాథ్యూ శాండర్స్ మొదలుపెట్టిన ట్రిపుల్ పీకి, షికాగోలో రూపొందిన షికాగో పేరెంట్ ప్రోగ్రాంకు ఇప్పుడు డిజిటల్ రూపాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ భాగస్వామ్యంతో నడిచే పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్‌కు మెసేజ్‌ల ద్వారా పాఠాలు పంపే రూపం కూడా ఉంది.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలన్నదానికి 2008లో 77 అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ బాగా ఉపయోగపడుతుంది. బిడ్డతో సంతోషంగా గడపడం, భావాలను మాటల్లో పంచుకోవడం, టైమ్ అవుట్‌ను (మాట వినని బిడ్డను ఆట ఆపించి కాసేపు పక్కన కూర్చోబెట్టడాన్ని) సరిగ్గా వాడడం, చెప్పిన మాట మీద నిలబడడం నేర్పిన కార్యక్రమాల్లోనూ, తల్లిదండ్రులు సొంత బిడ్డతోనే శిక్షణలో సాధన చేసిన కార్యక్రమాల్లోనూ ఫలితం ఎక్కువగా కనిపించింది. అదనపు సేవలు కూడా కలిపి ఇచ్చిన కార్యక్రమాల్లో ఫలితం తగ్గినట్లు తేలింది. కనుక అన్నీ ఉన్న యాప్ కనబడగానే మురిసిపోకూడదు. అమ్మేవారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: “తల్లి తన బిడ్డతో సాధన చేసిందని మీకు ఎలా తెలుస్తుంది?” వీడియో ఎంతసేపు చూశారన్నది మాత్రమే వారు చూపిస్తే, అది సినిమా హాలు లెక్క.

3. భాషను ఇంటి మాటలోకి తేవడం

అనువాదం చేయించేటప్పుడు పుస్తక భాషను వదిలి ఇంట్లో మాట్లాడే మాట రాయించాలి. ఈ పాఠాల్లో మాట తీరే చికిత్స కనుక ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. “బొమ్మలు సర్దుతావా?” అని అడిగితే “సర్దను” అనే హక్కు మనమే ఇచ్చినట్లు, “బొమ్మలు సర్దుదాం” అంటే సగం పని మనం చేయాలి, “ఈ బొమ్మలు ఈ డబ్బాలో పెట్టు” అంటేనే బిడ్డకు ఏం చేయాలో స్పష్టంగా తెలుస్తుంది. “పరిగెత్తకు” అన్నప్పుడు ఏం చేయకూడదో తెలుస్తుంది కానీ ఏం చేయాలో తెలియదు. “మెల్లగా నడువు” అంటే తెలుస్తుంది. మెచ్చుకోలు కూడా ఇలాంటిదే. “గుడ్ బాయ్”, “మా బంగారం” అనడం ముద్దు మాత్రమే. “చెప్పగానే చెప్పులు వేసుకున్నావు, భలే” అన్నప్పుడు ఏ పనికి మెప్పు దొరికిందో బిడ్డకు అర్థమవుతుంది. ఇలాంటి తేడాలు మూలంలో ఉన్నా అనువాదంలో మాయమవుతుంటాయి, కాబట్టి అనువాదం పూర్తయ్యాక ఐదారుగురు తల్లిదండ్రుల చేత పైకి చదివించి, వారు ఎక్కడ తడబడితే అక్కడ మార్చాలి.

చదువు తక్కువగా ఉన్నవారి కోసం ప్రతి పాఠానికీ వినే రూపం ఉండాలి. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా కూడా పనిచేయాలి.

4. వారం పాఠం ఎలా ఉండాలి

పిల్లలు పడుకున్నాక, సగం నిద్రలో ఉన్న మనిషి చూసే పాఠమిది. పది నిమిషాలు దాటకూడదు, ఒక పాఠంలో ఒకే నైపుణ్యం ఉండాలి. ముందు తప్పుగా జరిగే సన్నివేశం, తర్వాత అదే సన్నివేశం సరిగ్గా జరగడం, ఆపై “రేపు ఏ సమయంలో, ఎక్కడ చేసి చూస్తారు?” అన్న ప్రశ్న, దానికి తల్లి తన చేత్తో రాసే లేదా గొంతుతో చెప్పే జవాబు. చివరిదాన్ని చాలామంది అనవసరమని తీసేస్తారు, కానీ పాఠాన్ని ఇంటి పనిగా మార్చేది ఆ జవాబే.

పాఠాల వరుసను మార్చకండి. మొదటి రెండు వారాలూ ఆట, మెప్పు మాత్రమే ఉంటాయి: రోజుకు ఐదు నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, బిడ్డ చెప్పినట్టు ఆడడం. “వాడు కొడుతుంటే మీరు ఆడుకోమంటారేంటి?” అని తల్లిదండ్రులు అడుగుతారు, ఆ అడగడం న్యాయమే. రోజంతా తిట్లే వినే బిడ్డకు టైమ్ అవుట్ అన్నది ఇంకో తిట్టులా మాత్రమే తోస్తుంది; సరదా సమయం ఉన్న బిడ్డకే ఆ సరదా కాసేపు ఆగడం తెలుస్తుంది. అది చెప్పకుండా ముందుకు పోతే రెండో వారంలోనే మనుషులు తగ్గిపోతారు.

ఆ తర్వాత రోజువారీ క్రమం, స్పష్టంగా పని చెప్పడం, చిన్న అల్లరిని పట్టించుకోకపోవడం, చివరగా మాట వినకపోతే ఎదురయ్యే పర్యవసానాలు (టైమ్ అవుట్ వంటివి) రావాలి. పట్టించుకోకపోవడం నేర్పే వారం అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఏడిస్తే బిస్కెట్ దొరికే అలవాటున్న బిడ్డ, అది దొరకని మొదటి రోజుల్లో ఏడుపు తగ్గించడు, పెంచుతాడు. ఇది మామూలే, రెండు మూడు రోజుల్లోనే ఆగాలని లేదు, మధ్యలో ఒక్కసారి లొంగితే ఇంకా గట్టిగా ఏడవాలన్న పాఠం బిడ్డకు అందుతుంది అన్న సంగతులను పాఠంలో చెప్పడంతో పాటు, ఆ వారం మధ్యలో ఒక మెసేజ్‌గా కూడా పంపాలి. కొట్టడం, కొరకడం, ప్రమాదం తెచ్చుకోవడం వంటివాటిని పట్టించుకోకుండా వదిలేయకూడదని కూడా అదే మెసేజ్‌లో ఉండాలి.

టైమ్ అవుట్ విషయంలో నిడివి మీద కంటే ముగింపు మీద శ్రద్ధ పెట్టండి. వయసుకు ఏడాదికొక నిమిషం అన్నది వాడుకలో ఉన్న లెక్క, నాలుగేళ్ల బిడ్డకు నాలుగు నిమిషాలు. చీకటి గది, బాత్‌రూం, తలుపుకు గడియ పెట్టడం ఎప్పుడూ ఉండకూడదు. కనబడే చోట ఒక కుర్చీ చాలు. సమయం అయ్యాక ఉపన్యాసం ఇవ్వకుండా, మొదట చెప్పిన పనినే మళ్లీ చెప్పి, చేయగానే మెచ్చుకోవాలి. చేయి చేసుకోవడం గురించి పాఠం దాగుడుమూతలు ఆడకూడదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో ప్రకటించిన విధానంలో కొట్టడం, అరవడం, సిగ్గుపరచడం వద్దని తేల్చి చెప్పింది. తల్లిదండ్రులకు నేరం అంటగట్టకుండా, బదులుగా ఏం చేయాలో చూపిస్తూ అదే మాటను మనమూ చెప్పవచ్చు.

5. క్లినిక్‌లోనే మొదటి పాఠం

కరపత్రం ఇచ్చి ఇంటికి పంపితే పని మొదలు కాదు. బిడ్డను చూస్తున్న వైద్యులే నోటితో చెప్పాలి, “దగ్గుకు ఈ మందు, పేచీలకు ఈ పాఠాలు, వచ్చేసారి రెండింటి గురించీ అడుగుతాను” అన్నంత మామూలుగా చెప్పాలి. ఆ వెంటనే నర్సు బయటి కుర్చీల దగ్గరే తల్లి ఫోన్‌లో పాఠం తెరిపించి, పాస్‌వర్డ్ గొడవ అక్కడే తీర్చి, మొదటి రెండు నిమిషాలు చూపించి, తొలి ఫోన్‌కాల్‌కు రోజు, గంట రాసుకోవాలి. “మీకు పెంపకం తెలియదు” అన్న అర్థం ఎక్కడా రాకూడదు. నాన్న, అమ్మమ్మ, తాతయ్యల్లో బిడ్డను ఎక్కువగా చూసుకునేవారి నంబరు కూడా అప్పుడే తీసుకోవాలి. అమ్మ పట్టించుకోని ఏడుపుకు తాతయ్య లొంగితే వారం కష్టం వృథా అవుతుంది.

6. ఫోన్ చేసే మనిషి

బడ్జెట్ చూసుకున్నప్పుడు ముందుగా కోత పడేది ఈ మనిషి జీతానికే. కోయవద్దు. నడిపించే మనిషి లేకపోతే డిజిటల్ కార్యక్రమాల్లో మధ్యలో మానేసేవారు పెరుగుతారు. ఈ పని చేసేవారు మనస్తత్వ నిపుణులే కానక్కరలేదు, శిక్షణ పొందిన నర్సు చేయగలరు. అయితే పదిహేను రోజులకొకసారైనా అనుభవమున్న నిపుణులతో కూర్చుని కాల్స్ గురించి చర్చించుకునే వీలు ఉండాలి. మంచి కాల్ దాదాపు ఇలా సాగుతుంది.

“అమ్మా, ఈ వారం ఆట సమయం ఎన్ని రోజులు కుదిరింది?”

“రెండు రోజులేనండీ. మిగతా రోజులు నేను వచ్చేసరికే రాత్రయిపోయింది.”

“రెండు రోజులు కుదిరింది కదా. అందులో ఒక రోజు ఎలా జరిగిందో చెప్పండి.”

“బ్లాకులు పేరుస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఇదేం రంగు, అదేం రంగు అని అడుగుతున్నాను. కాసేపటికి లేచి వెళ్లిపోయాడు.”

“రంగులు అడిగినప్పుడు లేచాడా, మీరు ఊరికే చూస్తున్నప్పుడా?”

“అడిగినప్పుడేనండీ... ఔను, అడిగినప్పుడే.”

“అయితే రేపు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, బాబు చేసేదే పైకి అని చూడండి. ‘ఎర్ర బ్లాకు పైన పెట్టావే’ అని. గురువారం మళ్లీ చేస్తాను, ఎలా జరిగిందో చెబుదురు.”

ఇక్కడ నర్సు ఐదు రోజులు తప్పినందుకు ఏమీ అనలేదు, పాఠం మళ్లీ చెప్పలేదు, కారణాన్ని తల్లి చేతే పట్టించింది. కొత్తగా చేరినవారు ఈ పద్ధతిని ఒకరి మీద ఒకరు సాధన చేసుకున్నాకే కుటుంబాలకు ఫోన్ చేయాలి.

7. మధ్యలో ఆగినవారు

ఆగిపోవడాన్ని వైఫల్యంగా చూడకుండా ముందే లెక్కలో పెట్టుకోవాలి. బిడ్డకు జ్వరం వస్తుంది, ఫోన్ పగులుతుంది, ఇల్లు మారతారు. “మీరు 3 పాఠాలు వెనకబడ్డారు” అనే మెసేజ్ ఎవరినీ వెనక్కి తీసుకురాదు. “ఎక్కడ ఆపారో అక్కడినుంచే ఉంది, ఈ వారం ఆట ఐదు నిమిషాలు చాలు” అనేది తీసుకురావచ్చు. మెసేజ్ వచ్చే సమయాన్ని తల్లిదండ్రులే ఎంచుకోనివ్వండి. రెండు మెసేజ్‌లకు జవాబు లేకపోతే మూడోది పంపకుండా మనిషి ఫోన్ చేయాలి.

8. గోప్యత, భద్రత

ఒకే ఫోన్‌ను ఇంట్లో నలుగురు వాడతారని అనుకునే అన్నీ రాయాలి. తెర మీద మెరిసే మెసేజ్‌లో “మీ అబ్బాయి దూకుడు ప్రవర్తన” అని ఉండకూడదు. “ఈ వారం పాఠం సిద్ధంగా ఉంది” అంటే చాలు. పిల్లల ఫొటోలు, వీడియోలు అడగకుండానే పని జరిగితే అడగవద్దు, అడిగితే ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో చెప్పి అనుమతి తీసుకోండి.

తల్లిదండ్రులు రాత్రి రెండు గంటలకు ఏదైనా రాయవచ్చు. “నా వల్ల కావడం లేదు, ఏదో ఒకటి చేసుకుంటాను” అన్న మాట ఉదయం దాకా ఎవరూ చదవకుండా పడి ఉండే పెట్టెలోకి రాకూడదు. మెసేజ్‌లను ఏ గంటల్లో చూస్తారో స్పష్టంగా రాసి, అత్యవసర నంబరును ప్రతి తెర మీదా ఉంచి, అలాంటి మాట కనబడితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో పేర్లతో సహా ముందే నిర్ణయించుకోవాలి. చేరేటప్పుడే తల్లిదండ్రులను కుంగుబాటును పసిగట్టే చిన్న ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-2లోని రెండు ప్రశ్నలు అడగడం మంచిది. 6కు 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కుంగుబాటు ఉందేమో పూర్తిగా చూడాలి. లేవడానికే ఓపిక లేని తల్లికి రోజూ ఆట సమయం పెట్టమనడం ఆమె మీద ఇంకో బరువు వేయడమే, ముందు ఆమెకు చికిత్స అందాలి.

తెరల గురించి ఒక మాట. మూడు, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాఠం పెద్దలది; బిడ్డను ఊరుకోబెట్టడానికి అదే ఫోన్ చేతికిచ్చి చూపించే బొమ్మల వీడియోలను అందులో కలపకండి.

9. లెక్క చూసుకోవడం

తొలి విడతలో ఇరవై కుటుంబాలు చాలు. చేరేటప్పుడు, పాఠాలు ముగిశాక, ఆరు నెలలకు ఒకే ప్రశ్నావళి నింపించండి. ఉదాహరణకు 100 మందిని అడిగితే 60 మంది ఒప్పుకున్నారు, 40 మంది పాఠం తెరిచారు, 15 మంది చివరిదాకా వచ్చారు, వారిలో 12 మంది బాగుందన్నారు అనుకుందాం. “80 శాతం మందికి మేలు” అని గోడ మీద రాసుకునే ముందు, ఆ 12 మంది 100లోంచి వచ్చారన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1999లో రసెల్ గ్లాస్గో బృందం ప్రతిపాదించిన రీ-ఎయిమ్ పద్ధతి ఇందుకు పనికొస్తుంది: ఎందరికి చేరింది, ఫలితం ఎంత, ఎందరు సిబ్బంది చేపట్టారు, అనుకున్నట్టే జరిపారా, ఎంతకాలం నిలిచింది అన్న ఐదు ప్రశ్నలు అందులో ఉన్నాయి. చేరనివారిలో ఐదుగురికి ఫోన్ చేసి కారణం అడగండి. ముగించినవారు చెప్పే పొగడ్తల కంటే ఆ ఐదు జవాబులే రెండో విడతను ఎక్కువగా మారుస్తాయి.

ఆరు నెలల తర్వాత కుటుంబం టీకాకో, దగ్గుకో మళ్లీ వస్తుంది. ఆ రోజు కేస్ షీట్‌లో బరువు, ఎత్తు పక్కనే “పాఠం 7 దాకా, ఆట సమయం కొనసాగుతోందా?” అన్న ఒక్క వాక్యం కనబడేలా ముందే రాసి పెట్టాలి. బిడ్డ బడిలో చేరబోతుంటే పని చెప్పే పాఠాన్ని, పొద్దుటి హడావిడి గురించిన పాఠాన్ని మళ్లీ తెరిపించి, ఫోన్ చేసే రోజు ఒకటి అక్కడికక్కడే రాసి ఇవ్వాలి.